తెర మీద నిలిచిపోయిన నలభై

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, ముప్పై ఏళ్ళకు పైగా ఆ నల్ల తెరతో ఏం చేశారండీ అని. ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్‌లో మా వీధి నిండా చిప్‌ల ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగువాళ్ళే. చేసిన పని చెప్పమంటే వాళ్ళు జేబులోని ఫోన్ తీసి చూపిస్తారు, ఇందులో ఉన్నది మేం చేసిందే అని. నాకు అలా చూపించడానికి ఏమీ లేదు. నేను చేసింది అక్షరాలను గడుల్లో పెట్టడం.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. నాకు వచ్చినవి తక్కువ, వచ్చినవాటిలోనూ చెప్పుకోదగ్గ విశేషం లేదు. అసూయ గురించి రాస్తాను. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు తెలియక చేసింది కాదు, కుళ్ళుతో చేసింది. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు కాస్త సులువవుతుంది.

గడుల పని

టెర్మినల్ అంటే మీలో చాలామందికి సినిమాల్లో హ్యాకర్ ముందు కనబడే నల్ల కిటికీ. అసలు సంగతి అంత ఘనమైనదేమీ కాదు. అడ్డంగా ఎనభై గడులు, నిలువుగా ఇరవై నాలుగు వరసలు, గడికొక అక్షరం. మౌస్ లేదు, బొమ్మలు లేవు. గోదాముల్లో, ఆసుపత్రి స్టోర్లలో, పాల ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ ఇవే నడుస్తున్నాయి. చెయ్యి అలవాటుపడ్డ మనిషి వాటి మీద పనిచేసినంత వేగంగా ఇంకే తెర మీదా చేయలేడు. డబ్లిన్‌లో మాది చిన్న కంపెనీ. ఆ పాత తెరలను మామూలు కంప్యూటర్‌లో కనబడేలా చేసే ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళం.

అందులో నా వంతు ఏమిటంటే, ఏ గడి మారిందో కనిపెట్టి ఆ గడిని మాత్రమే మళ్ళీ గీయడం. ఇరవై గడులు మారితే ఇరవై ఒకటో గడిని ముట్టుకోకూడదు. చూడటానికి చిన్న పని, చేయడానికి ఏళ్ళు పట్టిన పని. దాంట్లో నన్ను మించినవాడు ఆఫీసులో లేడు. ఇలా చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

అయితే నా యావంతా అందం మీద. సగం నిండిన గడి, పావు నిండిన గడి, చుక్కల గడి అని కొన్ని గుర్తులు ఉంటాయి. వాటితో మెనూ పెట్టెల కింద నీడలు వేసేవాణ్ణి. పెట్టె మూస్తే అక్షరాలు ఇసుకలా కిందికి రాలేలా చేసేవాణ్ణి. ఆదివారాలు కూర్చుని ఇలాంటివి ముప్పై దాకా చేసి ఒక ఫోల్డర్‌లో దాచుకున్నాను. ఐర్లండ్ వచ్చిన కొత్తలో, వాటిలో ఒకదాన్ని ఎవరికీ చెప్పకుండా క్రీమరీ అనే ఒక పాల ఫ్యాక్టరీకి పంపిన ప్రోగ్రాంలో పెట్టాను. పాల ట్యాంకు ఉష్ణోగ్రత మారినప్పుడు పాత అంకె మెల్లగా పైకి జరిగి, కొత్త అంకె కింద నుంచి వచ్చేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

అప్పటి మా బాస్ నోరీన్, కార్క్ ఊరి మనిషి. ఒకరోజు నన్ను కారెక్కించుకుని ఆ క్రీమరీకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక ట్యాంకు పాలు మొత్తం కాలవలోకి వదిలేస్తున్నారు. నా ముచ్చటైన అంకె మెల్లగా జరుగుతున్నప్పుడే ఇంకో మార్పు వస్తే అది వరసలో నిలబడేది, దాని వెనక ఇంకొకటి. తెర మీద నాలుగు డిగ్రీలు ఉన్నప్పుడు ట్యాంకులో తొమ్మిది ఉన్నాయి. పాలు పోవడం పూర్తయ్యేదాకా నన్ను అక్కడే నిలబెట్టింది నోరీన్. తర్వాత అంది, "తెర నీది కాదు మూర్తీ. దాన్ని నమ్మి నిలబడ్డవాళ్ళది. లోపల లేని అంకె ఒక్క క్షణం కూడా బయట చూపించకు."

ఇంతకన్నా పనికొచ్చే పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఫోల్డర్ మూసేశాను. కానీ యావ పోలేదు. తర్వాత వచ్చిన ప్రతి బాస్‌కీ ఒకసారి ఆ ఫోల్డర్ తెరిచి చూపించాను, జాగ్రత్తగా చేస్తానని చెప్పాను. అందరూ బాగుందన్నారు, ఎవరూ చేయమనలేదు.

కరుణ వచ్చాక

మహమ్మారి మొదలైన సంవత్సరం జనవరిలో కరుణ చేరింది. కరీంనగర్ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై అయిదు దాటాయి, ఇద్దరు పిల్లలు. హైదరాబాద్‌లో వీడియో గేమ్‌లకు బొమ్మలు గీసే ఇంజన్ల మీద పనిచేసింది. భర్త ప్రభాకర్ వాటర్‌ఫోర్డ్‌లో ఒక హోటల్ వంటింట్లో ఉండేవాడు. ఆరు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నారు, జూన్ ఆఖరుకి చూసి పొడిగిస్తారు. మార్చిలో ఆఫీసు మూసేశారు, అందరం ఇళ్ళ నుంచే పని. అదే వారం హోటల్ కూడా మూతపడింది. ఆ ఇల్లు మొత్తం కరుణ ఉద్యోగం మీద నిలబడి ఉందని నాకు తెలుసు, తనే చెప్పింది.

"అంకుల్, ఈ జాబ్ పోతే పర్మిట్ పోతది. పర్మిట్ పోతే పిల్లల్ని బడి మధ్యల నుంచి తీస్కొని పోవాలె. గందుకే జర భయం," అంది ఒకసారి వీడియో కాల్‌లో. వెనకాల పిల్లలు ఐరిష్ యాసలో ఏదో పోట్లాడుకుంటున్నారు.

ఏప్రిల్‌లో తను చేసింది ఒక వీడియో కాల్‌లో మా అందరికీ చూపించింది. గడి గడి లెక్కపెట్టుకోవడం మానేసి, తెర మొత్తాన్ని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించేసింది. అది సెకనుకి అరవైసార్లు అన్ని గడులూ మళ్ళీ గీసినా చెమట పట్టదు. మెనూల కింద నిజమైన నీడలు, అంచుల్లో మెత్తగా. వరసలు వెన్నలా జారుతున్నాయి. కర్సర్ చుట్టూ లేత వెలుగు. ఒక అంకె మారితే పాతది కరిగిపోయి కొత్తది తేలుతోంది. నేను అన్ని ఆదివారాలు చుక్కల గడులతో చేయబోయినవన్నీ ఆమె మూడు వారాల్లో చేసేసింది. అదీ నాకన్నా బాగా.

మా బాస్ ఫెర్గల్ అంటే తొందరగా పొగిడే మనిషి కాదు. "ఇది చాలా అందంగా ఉంది," అన్నాడు, రెండుసార్లు. తెర నిండా గుండె గుర్తులు పైకి తేలాయి. నేను కెమెరా ఆపేసి కూర్చున్నాను. చివర్లో కరుణ, "ఇదంతా మూర్తిగారు వేసిన పునాది మీదనే కట్టినం," అని ఇంగ్లీషులో అందరికీ చెప్పింది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. పునాది అంటే మట్టిలో ఉండేది, మేడ చూసేవాళ్ళకు కనబడనిది.

కాల్ అయ్యాక వంటింట్లోకి వెళ్ళి, ఆమె చేసినదాంట్లో గొప్పేమీ లేదనీ, కార్డు చేసే పనికి మనిషిని పొగుడుతున్నారనీ మా ఆవిడ వసంతతో ఒక అరగంట చెప్పాను. ఆమె అల్మరాలో డబ్బాలు సర్దుకుంటూ అంతా విని, "ఆ పిల్లంటే మీకు కుళ్ళండీ. ఒప్పేసుకుంటే టీ పెడతాను," అంది. నేను ఒప్పుకోలేదు, టీ తాగలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆమె కోడ్ తెరిచి తప్పులు వెతకడం అలవాటైంది. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడని రోజులు, వెళ్ళడానికి కాలవ గట్టు తప్ప వేరే చోటు లేదు. ఉన్న బుర్రంతా అక్కడే పెట్టాను. ఆమె నన్ను ఏదైనా అడిగితే అడిగినంతవరకే జవాబు చెప్పేవాణ్ణి. "ఈ ఫ్లాగ్ ఎందుకు అంకుల్?" అంటే కోడ్‌లోని ఆ చిన్న మీట ఏం చేస్తుందో చెప్పేవాణ్ణి గానీ, దాన్ని ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పేవాణ్ణి కాదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ముంచాలంటే అబద్ధాలు చెప్పనక్కర్లేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మీకూ ఇలాంటి అంకుల్ ఒకడు తగులుతాడు.

ఒక్క మాట సంతకం

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి ఒప్పుకుంటేనే బయటికి వెళుతుంది. చదివినవాళ్ళు కింద ఒక మాట రాస్తారు. ఐర్లండ్‌లో అంతా సరే అనడానికి గ్రాండ్ అంటారు గదా, మా ఆఫీసులో ఆ ఒక్క మాటే సంతకంతో సమానం. గీసే భాగానికి సంబంధించిన ప్రతిదీ నా దగ్గరికే వచ్చేది.

మే మొదటి వారంలో కరుణ రాసిన అంకెలు కరిగే భాగం నా దగ్గరికి వచ్చింది. పావుగంటలో నాకు తప్పు కనబడింది. పాత అంకె కరగడం పూర్తయ్యేదాకా కొత్త మార్పు వరసలో ఆగుతోంది. దానికి తోడు ఇంకొకటి. కిటికీ మీద ఇంకేదైనా కిటికీ వచ్చి పూర్తిగా కప్పేస్తే, కనబడని బొమ్మ ఎందుకులే అని కంప్యూటర్ గీయడమే ఆపేస్తుంది. అంటే కరగడం కూడా మధ్యలో ఆగిపోతుంది. గంట తర్వాత ఆ కిటికీని పైకి తెస్తే ముందు కనబడేది గంట కిందటి అంకె. ఆ తర్వాత వరసలో ఉన్న మార్పులన్నీ ఒక్కొక్కటిగా, అందంగా కరుగుతూ వస్తాయి. అరనిమిషంలో అంతా సరిపోతుంది, వెనక్కి తిరిగి చూసేవాళ్ళకు ఏ ఆనవాలూ మిగలదు.

మా పరీక్షలు చేసేవాళ్ళందరికీ రెండేసి పెద్ద తెరలు. వాళ్ళ దగ్గర ఆ కిటికీ ఎప్పుడూ కప్పబడదు. గోదాముల్లో కూడా దానికి ప్రత్యేకంగా ఒక తెర ఉంటుంది. కానీ ఆ నెలలో గోదాముల మనుషులు సగం మంది ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్‌తో కూర్చుని, అదే తెర మీద రోజంతా వీడియో కాల్స్ మాట్లాడుతున్నారు. ఇది నాకు తెలుసు. క్రీమరీలో పాలు కాలవలో పోతుంటే నిలబడి చూసినవాణ్ణి, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది.

కీబోర్డు మీద వేళ్ళు పెట్టి కాసేపు ఆలోచించాను. మహా అయితే ఎవరో ఒకరు ఫోన్ చేసి అంకె తేడాగా ఉందంటారు, ఫెర్గల్ ముందు ఆమెకు కాస్త తలవంపులవుతుంది, ఎఫెక్టులు తీసేస్తారు, మళ్ళీ నా పాత గడులే వస్తాయి. అంతవరకే ఊహించుకున్నాను. జూన్ ఆఖరులో కాంట్రాక్టు సంగతి కూడా గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పక్కన పెట్టాను. గ్రాండ్ అని రాసి పంపించాను.

నిమిషంలో జవాబు వచ్చింది. "థాంక్యూ అంకుల్, మీరు చూసిన్రంటే ఇగ నాకు ధైర్యం." కింద దండం గుర్తు. నేను లేచి వెళ్ళి మధ్యాహ్నం భోజనం చేశాను.

కిల్కెన్నీ నుంచి ఫోన్

రెండు వారాలు ఏమీ జరగలేదు. తర్వాత బ్రీడా అనే ఆవిడ ఫోన్ చేసింది. కిల్కెన్నీ అవతల ఉంటుంది, అరవై దగ్గర పడ్డ మనిషి. చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు గౌన్లు, మాస్కులు, గ్లౌజులు పంపే ఒక గోదాములో స్టాకు చూసేది. ఆ రోజుల్లో ఇంట్లో వంటగది బల్ల మీద నుంచే పని. ఒక ఆశ్రమం పెద్ద నర్సు వీడియో కాల్‌లో గౌన్లు ఉన్నాయా అని అడిగితే, కాల్ కిటికీని పక్కకి జరిపి తెర చూసి, నలభై పెట్టెలు ఉన్నాయి, పొద్దున్నే పంపిస్తాను అని మాటిచ్చింది. గోదాములో ఒక్క పెట్టె కూడా లేదు. వ్యాను గౌన్లు లేకుండా వెళ్ళింది. ఆ ఆశ్రమంలో ముసలివాళ్ళను చూసుకునే కేరర్లు రెండు రోజులు చెత్త సంచులకు చేతులు పట్టేలా కన్నాలు కత్తిరించుకుని తొడుక్కున్నారు.

మేం రికార్డులు తీశాం. సర్వర్ సున్నా అని పంపింది. ఆవిడ కంప్యూటర్‌కి సున్నా చేరింది. ఆ మధ్యాహ్నమంతా అందులో ఎక్కడా తేడా లేదు. "ఆవిడ వేరే వరస చూసి ఉంటుంది," అన్నాడు ఫెర్గల్ కాల్‌లో. "అందరూ అలిసిపోయి ఉన్నారు, పాపం." గోదాము వాళ్ళు కూడా అదే తేల్చి ఆవిణ్ణి స్టాకు పని నుంచి తప్పించారు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. ఆవిడ మాత్రం ఒకటే మాట పట్టుకుంది, నేను చూసింది నలభై అని.

లెక్క సూటిగా ఉంది. బ్రీడా కళ్ళు సరైనవైతే కరుణ కోడ్ తప్పు. కరుణ కోడ్ సరైనదైతే బ్రీడా తప్పు. ఇద్దరిలో ఒకరి పని పోవాలి. ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఆ కాల్‌లో నేనొక్కణ్ణే, మ్యూట్‌లో ఉన్నాను.

బ్రీడా మాట నమ్మింది కరుణ ఒక్కతే. ఎవరూ చెప్పకుండానే ఆవిడకు ఫోన్ చేసి, ఆ రోజు చేసినవన్నీ మళ్ళీ చేయమని అడిగింది. ఫోన్ కెమెరా ల్యాప్‌టాప్ వైపు పెట్టించి రెండు గంటలు చూసింది. కాల్ కిటికీ కింద స్టాకు తెరను దాచారు, అరగంట ఆగారు, పైకి తెచ్చారు. పాత అంకె. కరుణ తన కళ్ళతో చూసింది. వెంటనే ఫెర్గల్‌కి ఫోన్ చేసి, "ఆమెది తప్పు కాదు, నాది," అని చెప్పేసింది. తర్వాత నాకు చేసింది.

"అంకుల్, నాదే తప్పు. పాత అంకె దాస్కొని కూసుంది నా ఫేడ్ ఎఫెక్టు. ఆ గౌన్లు పోకపోవుడు నా వల్లనే."

"ఫెర్గల్ ఏమన్నాడమ్మా?"

"ఏమంటడు. ఎఫెక్టులన్నీ బంద్ చేయమన్నడు. వచ్చే శుక్రవారం కాంట్రాక్టు మీటింగ్ ఉన్నది, హెడ్డాఫీసోళ్ళు ఎవరి పనని అడుగుతున్నరట." మళ్ళీ తనే అంది, "నాకు కూడ ఒక మాట చెప్పాలనిపిచ్చింది ఆయనకు. చెప్పిన, గది మస్తు కష్టంగ దొరికే తప్పు, మూర్తిగారసోంటి మనిషికే కనబడలే, నాకేం కనబడతది అని. మీ పేరు నడుమ తెచ్చిన, ఏమనుకోకండ్రి."

చెప్పిన కారణం

ఇక్కడ నిజం రాయాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ.

ఆ మాట వినగానే నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. మూర్తికి కనబడలేదట. ఫెర్గల్‌కి చెప్పింది, ఫెర్గల్ హెడ్డాఫీసుకి చెబుతాడు. వాళ్ళంతా తలలూపుతారు, ముసలాయన, వయసైపోయింది, కొత్త పద్ధతులు అందడం లేదు పాపం అంటారు. ముప్పై ఏళ్ళు ఒక్కో గడీ చూసినవాణ్ణి. పావుగంటలో పట్టుకున్నాను దాన్ని. ఆ సంగతి లోకంలో ఒక్కడికీ తెలియకుండా, గుడ్డివాడిగా రిటైర్ కావాలా నేను?

రెండు రోజులు ఈ ఒక్క ఆలోచనే తిరిగింది. కరుణ పిల్లలు బడి మానేయడం, బ్రీడా వంటగది, చెత్త సంచులు తొడుక్కున్న కేరర్లు, ఇవేవీ నన్ను కదిలించాయని చెప్పుకోలేను. కదిలించి ఉండాల్సింది. మూడో రోజు పొద్దున ఫెర్గల్‌కి ఫోన్ చేశాను.

"ఆ తప్పు నాకు కనబడింది," అన్నాను. "చదివిన రోజే. కిటికీ దాగితే ఆగుతుందని కూడా తెలుసు. ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళకు తగులుతుందనీ తెలుసు."

అటు నుంచి కీబోర్డు చప్పుడు వినబడింది. "గ్రాండ్ అని రాశావు మూర్తీ."

"రాశాను."

"ఎందుకు?"

"ఆమె నాకన్నా బాగా చేసింది గనక."

అతను కోప్పడలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. "సరే," అన్నాడు చివరికి. "ఇది నేను రాసి పెట్టుకోవాలి." శుక్రవారం మీటింగ్‌లో తప్పు ఎవరి ఖాతాలోకి వెళ్ళాలో అలా తేలిపోయింది. తప్పు రాసిన కొత్త మనిషి దాన్ని తనే వెతికి పట్టుకుని ఒప్పుకుంది. పట్టుకోవాల్సిన పాత మనిషి చూసి దాచాడు. కరుణకు రెండేళ్ళు పొడిగించారు. నన్ను ఆగస్టులో వెళ్ళిపొమ్మన్నారు, అనుకున్నదానికన్నా ఏడాదిన్నర ముందు. వీడ్కోలు కాల్ పెట్టలేదు.

ఈ కథ బయటికి పొక్కాక ఇక్కడి మనవాళ్ళు కొందరు నా దగ్గరికొచ్చి, ఒప్పుకోవడం పెద్ద మనసండీ అన్నారు. వాళ్ళకు ఇప్పుడు చెబుతున్నాను. మనసు కాదు. నాకు కనబడలేదని ఎవరైనా అనుకోవడం భరించలేక చెప్పాను. ఆమె ఉద్యోగం నిలబెట్టింది కూడా నా కుళ్ళే.

జూలైలో కరుణ చేసిన దిద్దుబాటు చూశాను. నేనైతే ఎఫెక్టు పీకేసేవాణ్ణి, అంతకు మించి ఆలోచన వచ్చేది కాదు. ఆమె అంకెను ఆ క్షణంలోనే మార్చేసి, అంకె వెనక రంగు మాత్రం మెల్లగా వెలిసిపోయేలా చేసింది. నిజం వెంటనే కనబడుతుంది, అందం దాని వెనకాల తీరిగ్గా వస్తుంది. క్రీమరీ నుంచి వచ్చాక ఆ ఆదివారాల ఫోల్డర్ మూసేసే బదులు నేను ఈ ఒక్క సంగతి ఆలోచించి ఉంటే, నా జీవితం వేరేగా ఉండేది. రెండు రోజులు అందులో తప్పు కోసం వెతికాను. దొరకలేదు. చాలా బాగుందని రాశాను, రాస్తున్నప్పుడు కడుపులో మంట అలాగే ఉంది.

ఆ రోజు సాయంత్రం కరుణకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆమెకు అప్పటికే ఫెర్గల్ చెప్పాడు.

"ఒక్క మాట చెప్తే అయిపోతుండె," అంది. గొంతు పెంచలేదు. "నేనైతే మీ ముచ్చట ఇంట్ల రోజు చెప్తుంటి. మా ఆయన అంటుండె, గసోంటి మనిషి దొరుకుడు నీ అదృష్టం అని."

"తప్పమ్మా. నాకు అసూయ. అంతే, ఇంకో కారణం లేదు."

"నాకు చెప్పినంత మాత్రాన ఏమైతది. నాకు నౌకరి ఉన్నది. ఆ బ్రీడాకు ఇంకా ఎవ్వరూ చెప్పలే. గోదామోళ్ళకు ఒక ఉత్తరం పోయింది, సాఫ్ట్‌వేర్ సమస్య దిద్దినం అని, గంతే. ఆమెకు మీరు చేయుండ్రి. నేన్ చేయను. చూసింది మీరు."

నంబరు పంపించి పెట్టేసింది. ఆ తర్వాత మళ్ళీ నాతో మాట్లాడలేదు.

బ్రీడా

మర్నాడు పదకొండింటికి చేశాను. అంతకుముందు వాక్యాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. పేరు చెప్పి, ఆ ప్రోగ్రాం చేసినవాళ్ళలో ఒకణ్ణని చెప్పాను. మీరు ఆ రోజు చూసింది నలభయ్యే అన్నాను. మీ తెర మీద నిజంగానే నలభై ఉంది, మీరు చదివింది సరైనదే, తప్పు మాది. అది ముందే నాకు తెలుసు, చెప్పలేదు.

కెటిల్ మరుగుతున్న చప్పుడు వినబడింది, అది ఆగింది.

"మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను. ఈసారి కాగితం చూడకుండా.

"మా అమ్మకి యాభై తొమ్మిదో ఏట మతిమరుపు మొదలైంది," అంది బ్రీడా. "ముందు అంకెలే పోయాయి. ఫోన్ నంబర్లు, బస్సు నంబర్లు. తర్వాత మేము పోయాం. నాకిప్పుడు యాభై తొమ్మిది." గొంతు మామూలుగానే ఉంది. "మా డాక్టరు ఫోన్‌లోనే పరీక్ష చేశాడు. వంద నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి చెప్పమన్నాడు. భయంతో రెండుచోట్ల తప్పాను. జ్ఞాపకశక్తి క్లినిక్‌కి రాశాడు, వాళ్ళ తేదీ కోసం చూస్తున్నాను. మా ఆయన కారు తాళాలు దాచిపెట్టాడు. నేనే దాచమన్నాను."

నేను రాసుకున్న కాగితాన్ని మడతపెట్టాను.

"రెండు నెలలు," అంది. "పొద్దున్న లేచి పిల్లల పుట్టినరోజులు ఒకదాని తర్వాత ఒకటి పైకి చెప్పుకునేదాన్ని, ఉన్నాయా లేవా అని. నలభై ఉందా, నేను ఊహించుకున్నానా అని. నువ్వు నిజమే చెబుతున్నావా? నన్ను ఊరుకోబెట్టడానికి కాదుగదా?"

"నిజమండీ. నేను కోడ్ చూశాను. నలభై ఉంది."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ వెనక్కి జరిగింది. లోపలి గదిలోకి నడుస్తూ ఎవరినో పేరు పెట్టి పిలిచింది, మైకేల్ అనుకుంటాను. "మైకేల్, నలభై ఉందట. నలభయ్యే ఉందట. నా తాళాలు తీసుకురా." ఇంకో మగ గొంతు ఏదో అడిగింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఆపైన మాటలు కావు, ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

ఆవిడ ఫోన్ దగ్గరికి తిరిగి రాలేదు. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకునే కూర్చున్నాను. కొంతసేపటికి వాళ్ళ వాకిట్లో కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.